లోపలినుంచి తెరుచుకునే తలుపు

పెద జాలారిపేట,
విశాఖపట్నం.
జూన్

వీరన్న బావకి,

అర్జునరావు రాస్తున్నాను. పడవ ఇంజను నీ చెవులు తినేసిన దగ్గర్నుంచి నీతో ఫోన్లో మాట్లాడటమంటే కెరటాలతో మాట్లాడినట్టే అయిపోయింది. నేను అరుస్తాను, నువ్వు "ఆఁ ఆఁ" అంటావు. వీధంతా వింటుంది, నువ్వు తప్ప. ఈ కబురు అలా గాలికి పోకూడదని కాగితం మీద పెడుతున్నాను. కూర్చుని చదువు. చదివాక మళ్ళీ చదువు.

మన పైడిరాజుకి ఉద్యోగం వచ్చింది బావా!

నీ మేనల్లుడికే. నీ చెల్లెలు తవిటమ్మ కన్న కొడుక్కే. "వయసొచ్చింది గానీ బుర్ర రానేదు, ఈడ్నేటి సేత్తావు అర్జునా" అని పేటంతా జాలిపడిన వాడికే. రుషికొండ దాటాక సముద్రం వైపు కొత్తగా పెద్ద హోటలు కట్టారు చూడు, దాని వంటింట్లో. పాత్రలు కడిగి సర్దే పని. నీలం చొక్కా ఇచ్చారు. జేబు మీద వాడి పేరు కుట్టి ఉంది. చదవడం రాకపోయినా రోజూ పొద్దున్నే ఆ కుట్టు మీద వేలు పెట్టి "పైడి" అంటాడు. ఆ మాట వినడానికి నేను వాడికంటే ముందే లేచి కూర్చుంటున్నాను.

ఇదంతా ఆశ మేడం పుణ్యం. సీతమ్మధారలో మావాడు వెళ్ళే సెంటరులో పనిచేస్తుంది. ఇలాంటి పిల్లలకి ఉద్యోగం వెతికి, పని నేర్పి, నిలబెట్టడమే ఆమె ఉద్యోగమట. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని నాకేం తెలుసు! మేనేజరు చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించింది. ఒప్పించి వదిలేయలేదు. చున్నీ నడుముకి బిగించుకుని తానూ వాడి పక్కనే నిలబడి అంట్లు తోముతోంది. గోడ మీద ఫోటోలు అతికించింది. ముందు గ్లాసులు, తర్వాత పళ్ళేలు, తర్వాత గరిటెలు, ఆఖర్న గట్టు తుడవడం. ఫోటోల్లో పనిచేస్తున్నది ఎవరనుకున్నావు? మావాడే. తనని చూసి తనే నేర్చుకుంటున్నాడు. మీ భీమిలి వచ్చే బస్సే వాడు ఎక్కేది. ఎక్కడం, దిగడం కూడా ఆమే నేర్పింది.

పేటలో ఇంటింటికీ లడ్డూలు పంచాను. పక్కింటి నారాయణమ్మ "పెళ్ళా ఏటి బావా?" అంది. "పెళ్ళికంటే ఎక్కువే" అన్నాను. నేను పోయాక వీడేమైపోతాడు అన్న మాటతోనే తవిటమ్మ కళ్ళు మూసింది. ఆ ముల్లు అప్పట్నుంచి నా గుండెలోనే ఉంది. ఇప్పుడు తీసి పారేసినట్టుంది. నిద్రపోతున్నాను బావా. గురక పెడుతున్నానట కూడా.

ఒక్కటే నచ్చలేదు. ఫోటోల్లో లేని పని ఎవరు చెప్పినా "నా పని కాదండీ, ఆశ మేడాన్ని అడగండి" అనమని వాడికి రోజూ వల్లె వేయిస్తోంది. తలకొట్టేసినట్టయింది. మన వంశంలో ఎవడైనా ఆ మాట అన్నాడా? పడవ మీద నా పని, నీ పని అని ఉంటుందా? ఎవడు కేకేస్తే వాడి దగ్గరకు పరిగెత్తి తాడు అందుకోవడమే కదా. అన్నం పెట్టేవాళ్ళకి కాదని చెబితే ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? ఆమె చదువుకున్న పిల్ల, నేను ఎదురు చెప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. "ఎవరు పిలిసినా ఎల్లు. ఏ పని సెప్పినా సెయ్యి. కాదనకు నాన్నా" అన్నాను. బుద్ధిగా తలూపాడు.

మీ ఆవిడ గురువమ్మకి కూడా ఇది చదివి వినిపించు.

నీ బావ
అర్జునరావు

*

భీమునిపట్నం,
జూలై

బావా,

మళ్ళీ చదవమన్నావు, చదివాను. గురువమ్మకి వినిపిస్తే ఏడ్చి, లేచి వెళ్ళి తవిటమ్మ ఫోటోకి దండ మార్చింది. నీకు నిద్ర పట్టిందంటే నాకూ సంతోషమే. గురక సంగతి నాకు చెప్పకు, నీతో కలిసి వేటకెళ్ళినవాణ్ణి.

పడవ మాట ఎత్తావు కాబట్టి రాస్తున్నాను. ఎవడు పిలిచినా వెళ్ళాలన్నది నిజమే. కానీ పడవ మీద అందర్నీ నడిపించే తండేలు ఉంటాడు. ఎవడి చెయ్యి ఏ తాడు మీద ఉందో, ఎవడి కాలు ఎక్కడ ఉందో వాడి కన్ను అక్కడే ఉంటుంది. నలభై ఏళ్ళు నేను చేసింది ఆ పనే. ఆ హోటల్లో తండేలు ఎవరు? కనుక్కున్నావా?

పైడిని నా పడవ ఎక్కించిన రోజు నీకు గుర్తుండాలి. "ఈ తాడు పట్టుకోరా" అన్నాను. వల లాగేశాం, చేపలు దించేశాం, అందరూ టీ తాగుతున్నారు. వాడు ఒక్కడూ తాడు పట్టుకునే ఉన్నాడు. అరచేతులు కోసుకుపోయాయి. వదలమని ఎవరూ చెప్పలేదు కాబట్టి వదల్లేదు. ఏడవను కూడా లేదు. నువ్వేమో "నా కొడుకు ఎంత గట్టోడో సూడండి" అని ఆ చేతులు ఒడ్డున అందరికీ చూపించావు. నాకు మాత్రం ఆ రోజు భయం వేసింది. మళ్ళీ వాణ్ణి పడవ ఎక్కించలేదు.

ఆ పిల్ల ఏం చెబితే అది చెయ్యి. ఇంట్లో నువ్వు వేరే పాఠం పెట్టకు.

వీరన్న

*

పెద జాలారిపేట,
ఆగస్టు

వీరన్న బావకి,

నీకు ఎప్పుడూ మబ్బులే కనిపిస్తాయి. తండేలు బుద్ధి పోనిచ్చుకోవు. ఇక్కడ ఎండ కాస్తోంది బావా, ఇటు తిరిగి చూడు!

హోటల్లో అందరి నోటా ఒకటే పేరు. "పైడీ, ఇలా రా. పైడీ, అది అందుకో. పైడీ, మూటలు దించు." చేపల వంటాయన గురునాథరావు గారైతే "నీ కొడుకు నేకపోతే నా వంటే నడవదు ముసలోడా" అన్నాడు. అవును, వెళ్ళి చూశాను. ఆగలేకపోయాను. వెనక గేటు ఎదురుగా టీ కొట్టు ఉంది. అక్కడ కూర్చుంటే లోపలికి కనిపిస్తుంది. అటూ ఇటూ నీలం చొక్కా తిరుగుతూ ఉంటే చల్లారిపోయిన టీ కూడా అమృతంలా తాగాను.

ఇంటికొచ్చినా చేతులు ఊరుకోవు వాడికి. మొన్న నారాయణమ్మ వాకిట్లో అంట్లు నానబెట్టి గుడికెళ్ళింది. వచ్చేసరికి తళతళా! "ఏ దేవుడొచ్చాడ్రా బాబూ" అంటుంటే వీడు గోడ మీంచి చూసి నవ్వుతున్నాడు. పేటలో ఆడవాళ్ళందరూ ఇప్పుడు గిన్నెలు గోడ దగ్గరే పెడుతున్నారు.

ఆశ మేడం రాక తగ్గించింది. అదే ఆమె పద్ధతట. ఈత నేర్పేటప్పుడు పొట్ట కింద చెయ్యి పెట్టి, మెల్లగా తీసేస్తామే, అలాగ. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి వెళుతుంది. మావాడు బాగా చేస్తున్నాడని మేనేజరు మరో పిల్లాణ్ణి తీసుకుంటానన్నాడట. గణేష్ అని అదే సెంటరు కుర్రాడు. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని "మీ వోడు దారేశాడు అన్నా" అంది. నా కొడుకు ఒకరికి దారి వేశాడు! ఈ మాట విని చచ్చిపోయినా పరవాలేదనిపించింది.

గోడ మీద ఫోటోలు మాత్రం ఆవిరికి తడిసి ఊడిపోయాయట. మావాడు చెప్పాడు. ఆశ మేడానికి నేను చెప్పలేదు. పని సాగిపోతోంది కదా, చెబితే మళ్ళీ వచ్చి అతికిస్తుంది, ఆ కాదనే పాఠం మళ్ళీ మొదలెడుతుంది. మావాడు ఇప్పుడు ఎవరికీ కాదని చెప్పడం లేదు. మన బుద్ధే వచ్చింది.

నీ బావ
అర్జునరావు

*

భీమునిపట్నం,
సెప్టెంబరు

బావా,

చెవి డాక్టరు దగ్గరికని మొన్న మద్దిలపాలెం వచ్చాను. మీ ఇంటికి రాలేదు. తిరుగు బస్సులో వస్తూ ఆ హోటలు దగ్గర దిగాను.

వెనక గేటు తీసి ఉంది. పెరట్లో పైడి ఒక్కడూ ఎండలో నిలబడి ఉన్నాడు. చేతిలో నీళ్ళ గొట్టం. నీళ్ళు రావడం లేదు. చొక్కా చెమటతో వంటికి అంటుకుపోయింది. అవతల నీడలో నలుగురు కూర్చుని అన్నాలు తింటూ వాణ్ణి చూసి నవ్వుతున్నారు. నాకు వాళ్ళ నవ్వు వినపడదు, పళ్ళు కనపడతాయి. "ఏటిరా ఇక్కడ నిలబడ్డావు" అన్నాను. వాడి పెదాలు చూశాను. "వత్తానన్నారు మావా" అన్నాడు.

వాళ్ళలో ఒకణ్ణి అడిగితే ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు. చెవిటివాణ్ణని తెలిసి ఇంకా నవ్వారు. పైడిని నీడలోకి లాగాను. రాలేదు. గొట్టం నేను లాక్కుంటే అప్పుడు వచ్చాడు.

వాళ్ళు చెడ్డవాళ్ళని అనను. పిలిస్తే పలికే మనిషి దొరికాడు, వాడుకుంటున్నారు. కానీ వాడి మీద కన్ను వేసినవాడు ఒక్కడూ అక్కడ లేడు.

ఆశకి చెప్పు. ఫోటోలు ఊడిన సంగతి చెప్పు. నువ్వు ఇంట్లో ఏం నేర్పావో అదీ చెప్పు. ఈ ఉత్తరం మడిచి పెట్టకముందే వెళ్ళి చెప్పు.

వీరన్న

*

పెద జాలారిపేట,
అక్టోబరు

వీరన్నకి,

మా ఇంటి గుమ్మం ముందు నుంచే బస్సులో వెళ్ళిపోయి, నా కొడుకు పనిచేసే చోట దొంగలా తొంగిచూశావు. చెవిటివాడివి, అక్కడ ఎవరేం అన్నారో నీకేం తెలుసు? తోటి పనివాళ్ళన్నాక నవ్వుకోరా? నీ పడవ మీద నవ్వలేదా?

ఆశకి చెప్పను. చెబితే వాణ్ణి అక్కణ్ణుంచి తీసేస్తుంది. మళ్ళీ ఈ అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకుంటూ ఉంటాడు. నీకు అదే కావాలేమో. నీ కొడుకులు ఇద్దరూ పనుల్లో ఉన్నారు. నాకు ఉన్నది ఒక్కడు, వాడికి ఉన్నది ఒక్క చొక్కా.

నువ్వు రాయకు. నేనూ రాయను.

అర్జునరావు

*

విశాఖపట్నం,
ఆసుపత్రి వరండాలోంచి.
నవంబరు

బావా,

రాయనన్నాను. రాయడానికి నువ్వు తప్ప నాకు ఎవరూ లేరు.

పైడి బతికే ఉన్నాడు. అది ముందు రాస్తున్నాను. ఎడమచేతి వేళ్ళు తీసేశారు. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

హోటల్లో పెళ్ళి భోజనాలు ఉన్నాయి. చేపలు నిలవ ఉంచే మంచు గది ఉంటుందట, ఉప్పు పెట్టిన ఐసుకంటే చల్లన. గురునాథరావు వాణ్ణి లోపలికి తీసుకెళ్ళి చేపల ఇనప బుట్ట చేతికిచ్చి, "ఇది పట్టుకుని ఇక్కడే నిలబడు, నాను వత్తాను" అన్నాడట. బయటికి రాగానే ఎవరో పిలిచారు. పెళ్ళివారు దిగారు. పొయ్యిలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆయన మరిచిపోయాడు. అందరూ మరిచిపోయారు. పొద్దు కుంకిపోయింది. సగం భోజనాలయ్యాక చేపలు సరిపోవని ఇంకెవరో వెళ్ళి తలుపు తీస్తే, ఎడమచేత్తో బుట్ట పట్టుకుని నిలబడే ఉన్నాడట. చేతికీ ఇనుముకీ తేడా తెలియలేదట. నీళ్ళు పోసి విడదీశారు.

తలుపు వేసి తాళం పెట్టారనుకుని మేనేజరు మీద పడ్డాను బావా. కాలరు పట్టుకున్నాను. ఆయన నన్ను తీసుకెళ్ళి ఆ తలుపు చూపించాడు. దానికి తాళం లేదు. లోపలి నుంచి తోస్తే చాలు, తెరుచుకుంటుంది. నేనే లోపలికెళ్ళి తోశాను. ఒక్క వేలితో తోస్తే తెరుచుకుంది.

మెలకువ వచ్చాక వాడు నాతో అన్న మొదటి మాట రాస్తున్నాను. "నాను ఎల్లిపోనేదు నాన్నా" అన్నాడు. బహుమతి తెచ్చిన పిల్లాడి మొహంతో అన్నాడు. నేను చెప్పిన పాఠం నాకు అప్పజెప్పాడు.

గురునాథరావు వచ్చి మంచం కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తలుపు తోత్తే వచ్చీదే కదరా, ఎందుకు రానేదురా" అని ఏడ్చాడు. వీడు కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ "నువ్వొత్తానన్నావు కదా బాబూ" అన్నాడు. కోపంగా కాదు. గుర్తుచేస్తున్నట్టు.

ఆశ మేడంతో అన్నీ చెప్పేశాను. ఫోటోల సంగతి, నేను ఇంట్లో నేర్పింది, నీ ఉత్తరం వచ్చినా కదలంది, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అంట్లు తోమడం వాడికి చిటికెలో వచ్చేసింది తాతగారూ. కాదనడం నేర్పడానికే నాకు అంత కాలం పట్టింది. వాళ్ళకి పుట్టిన దగ్గర్నుంచి అందరం ఊఁ అనడమే నేర్పుతాం. కాదనడం ఒక్కటే వాళ్ళకి గొడుగు" అంది. తన తప్పూ ఉందంది. రాక అంత తొందరగా తగ్గించకుండా ఉండాల్సిందంది. ఆమె ఏడుస్తుంటే నేను తల ఎత్తలేకపోయాను.

హోటలువాళ్ళు ఆసుపత్రి చూసుకుంటామన్నారు. కానీ ఇలాంటివాళ్ళని ఇక పెట్టుకునేది లేదన్నారు. వాళ్ళ మంచికేనట. గణేష్‌కి ఇస్తామన్న ఉద్యోగం కూడా పోయింది. వాళ్ళమ్మ పైడిని చూడటానికి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్ళబోతూ మాత్రం "సొక్కా కుట్టించేశాం అన్నా" అంది. నా కొడుకు వేసిన దారిని నేనే మూసేశాను.

నువ్వు రా. చెప్పానా లేదా అని అనాలనుంటే అను. కానీ రా.

అర్జునరావు

*

భీమునిపట్నం,
జనవరి

బావా,

పైడి ఇక్కడ బాగానే ఉన్నాడు. ఆసుపత్రి నుంచి నాతో పంపించావు కదా, ఆ రోజు బస్సులో హోటలు రాగానే లేచి నిలబడ్డాడు. దిగబోయాడు. "అక్కడ కాదురా" అని నేను చెయ్యి పట్టుకుంటే కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. బస్సు ముందుకు కదిలేదాకా అంతే. అది నీకు అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

గురువమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. కుడిచెయ్యి బాగానే ఉంది కదే, తిననీ అంటే నా మీద లేస్తోంది. చేపలు మాత్రం తాకడు. చేపల బుట్ట ఇంట్లోకి తెస్తే గోడ వైపు తిరిగి నిలబడతాడు.

ఆశ సెలవు రోజుల్లో ఇక్కడికి వస్తోంది. మొదట్నుంచి మళ్ళీ నేర్పుతోంది. ఈసారి అంట్లూ లేవు, ఫోటోలూ లేవు. కాదనే ఆ ఒక్క మాటే. మా వీధిలో వాళ్ళందర్నీ పురమాయించింది. కనిపించిన ప్రతివాడూ వాడికి ఏదో ఒక పిచ్చి పని చెప్పాలి. "పైడీ, నా సెప్పులు నెత్తిన ఎట్టుకో." "పైడీ, ఇసకలో పడుకో." మొదట్లో అన్నీ చేసేశాడు. చెప్పులు నెత్తిన పెట్టుకుని వీధంతా తిరిగాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

నిన్న వల బాగుచేసుకుంటూ ఉన్నాను. తాడు వాడి ముందు పడేసి "పట్టుకోరా" అన్నాను. తాడు వైపు చూశాడు. తన చెయ్యి వైపు చూసుకున్నాడు. పెదాలు కదిలాయి. నాకు వినపడదు కదా, "మళ్ళీ అను" అన్నాను. మళ్ళీ కదిలాయి. "నా పని కాదు మావా. ఆశ మేడాన్ని అడుగు."

నలభై ఏళ్ళు పడవ నడిపాను. నా తాడు పట్టనన్నవాడు వీడే. వల కింద పడేసి సముద్రం వైపు తిరిగాను, వాడు నా మొహం చూడకుండా.

పడవ మీద పిలిస్తే వెళ్ళాలన్నది తప్పు పాఠం కాదు బావా. అక్కడ అందరూ ఒకే తాడు మీద ఉంటారు కాబట్టి సరిపోయింది. నిన్ను నువ్వు తిట్టుకోవడం ఇక ఆపు.

వాణ్ణి పంపిస్తున్నాను. మిగతాది నీ దగ్గరే నేర్చుకోవాలట. ఆశే చెబుతుంది.

వీరన్న

*

పెద జాలారిపేట,
మార్చి

వీరన్న బావకి,

నీ ఉత్తరం పేటంతా చదివి వినిపించాను. "నా పని కాదు మావా" అన్న దగ్గరికి వచ్చేసరికి కాగితం నారాయణమ్మకి ఇచ్చేశాను, మిగతాది ఆవిడ చదివింది. ఇప్పుడు గోడ దగ్గర ఎవరైనా గిన్నెలు పెడితే వీడు వేలు చూపించి "నా పని కాదు" అంటున్నాడు. ఆవిడ ముక్కున వేలేసుకుని "మా బంగారవే" అంటోంది. అంట్లు తోమనన్నందుకు ముద్దులాడించుకునేవాడు లోకంలో వీడొక్కడే.

ఆశ మేడం తిరుగుతోంది. ఒంటి చేత్తో మడతపెట్టే పని ఎవరైనా ఇస్తారేమోనని లాండ్రీలు, బట్టల కొట్లు తిరుగుతోంది. చెయ్యి చూసి కొందరు, హోటలు కబురు విని కొందరు, కుదరదంటున్నారు. గణేష్‌కీ ఇంకా దొరకలేదు. వాళ్ళమ్మ ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతున్నాను.

అసలు సంగతి రాయాలి. పైడి నీకు కాదంటాడు, నారాయణమ్మకి కాదంటాడు, ఆశ మేడానికే కాదన్నాడు ఒకసారి. నాకు మాత్రం కాదనడు. నేనేం చెప్పినా చేస్తాడు. "మిమ్మల్ని కాదనగలిగితేనే నేను వాణ్ణి ఎక్కడికైనా పంపగలను తాతగారూ. రేపు ఎవడైనా 'మీ నాన్న చెయ్యమన్నాడు' అంటే చాలు, వాడు మళ్ళీ మంచులోకి వెళ్ళిపోతాడు" అంది ఆశ మేడం. ఎలా నేర్పాలో కూడా ఆమే చెప్పింది.

అందుకని రోజూ సాయంత్రం మన వలల కొట్టుగది దగ్గరకి తీసుకెళుతున్నాను. "లోపలికెళ్ళి నిలబడు పైడీ, నాను వత్తాను" అంటాను. వెళతాడు. తలుపు వేస్తాను. లోపల చీకటి, పాత వలల వాసన. తోస్తే తెరుచుకునే తలుపే. తోయడు. నేను బయట గుమ్మం మీద కూర్చుంటాను. దేవుణ్ణి అడగడం మానేశాను, వాణ్ణే అడుగుతున్నాను. తొయ్యరా. ఒక్కసారి తొయ్యరా. కాదనరా నాన్నా. ఇక భరించలేక నేనే తీస్తాను. నిలబడే ఉంటాడు. నన్ను చూసి నవ్వుతాడు. "ఎల్లిపోనేదు" అంటాడు.

వాడికి ఊఁ అనడం నేర్పడానికి నాకు ఒక్క మాట పట్టింది బావా. ఇదేమో ఎన్ని సాయంత్రాలైనా రావడం లేదు. నాకు వయసు ఎంత మిగిలిందో తెలియదు. నేను కాదనిపించుకోకుండా చచ్చిపోతే, వీడు నేను చెప్పినచోటే నిలబడిపోతాడు.

నిన్న కూడా చెప్పాను. "లోపలికెళ్ళి నిలబడు, నాను వత్తాను."

వెళ్ళాడు. ఒక కాలు లోపల పెట్టాడు. అక్కడ ఆగాడు. ఆ మిగిలిన బొటనవేలితో తలుపు అంచు పట్టుకుని, వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"తలుపు ఎప్పుడు తీత్తావు నాన్నా?" అన్నాడు.

అడిగాడు బావా! అడిగాడు! కాదనలేదు, నిజమే. వెళ్ళనన్లేదు. కానీ ఎప్పుడు తీస్తావని అడిగాడు. పుట్టాక నన్ను వాడు మొదటిసారి నమ్మలేదు బావా. నాకు ఇంతకంటే ఏం కావాలి? లడ్డూలు తెచ్చాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, పంచేశాను.

రేపు సాయంత్రం మళ్ళీ అక్కడికే వెళతాం.

నీ బావ
అర్జునరావు